శిబిరం పెట్టబోయే బుజ్జికి

శ్రీకాకుళం

బుజ్జీ,

ఫిబ్రవరి 4న మనూరి హైస్కూల్లో కేన్సర్ శిబిరం పెడుతున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్లో చెప్పింది. మూడొందల మంది వస్తారట, ఫ్లెక్సీ కూడా అచ్చుకి ఇచ్చేశావట. మా చెల్లెలి కూతురు పళ్ళ డాక్టరై సొంతూరికే శిబిరం పెడుతోందని పొద్దున్నే వీధంతా చెప్పుకొచ్చాను. చెప్పి వచ్చి కూర్చున్నాక ఆ మూడొందల లెక్క గుండెల్లో పడింది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే నువ్వు "సరే పెద్దమ్మా, సరే" అంటూ వేరే పని చూసుకుంటావు.

ముందు ఆ లెక్క చూడు. ఒక నోరు సరిగ్గా చూడ్డానికి మూడు నిమిషాలు. అలవాట్లు అడిగి రాసుకోడానికి ఇంకో రెండు. గంటకి పన్నెండు మంది. ఆరు గంటలు నడుం వంచితే డెబ్భై. రొమ్ము పరీక్ష, గర్భాశయ ముఖద్వారం పరీక్ష కలిపి ఒక సిస్టరు గంటకి ఐదుగురిని మించి చూడలేదు. మూడొందల మందిని ఒక్క రోజులో చూస్తానంటే నువ్వు చూసేది నోళ్ళు కాదు, తోక పట్టిన క్యూ. ఫ్లెక్సీ పోతే పోయింది, డెబ్భై మందికీ, ముప్ఫై మంది ఆడవాళ్ళకీ టోకెన్లు ఇచ్చి, మిగతావాళ్ళకి వచ్చే నెల తేదీ రాసివ్వు. ముప్ఫై ఏళ్ళు దాటినవాళ్ళనే పిలు. ప్రభుత్వ కార్యక్రమంలోనూ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడింటికీ 30 నుంచి 65 ఏళ్ళ వాళ్ళనే ఐదేళ్ళకోసారి చూడమన్నారు.

పీహెచ్‌సీ డాక్టరుగారికి ముందే చెప్పు. ఆశాలకి టీ, టిఫినూ నీ ఖర్చు. వచ్చే నెల తేదీ ఊరి కోతలు, జీడితోటల పనులు చూసుకుని పెట్టు. ఈ మూడూ నీకు తెలిసినవే.

తెలిసీ నువ్వు తేలిగ్గా తీసుకునేది ఒకటుంది. మీ కాలేజీలో నోటి కేన్సర్ అంటే గుట్కా, బుగ్గ, నాలుక పక్క. మనవైపు ముసలమ్మలకి అంగిట్లో వస్తుంది. అడ్డపొగ మూలంగా. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని కాలిస్తే ఆ వేడీ పొగా తిన్నగా అంగిటికే తగులుతాయి. "చుట్ట కాలుస్తావా?" అని అడిగితే ఔననే చెబుతారు. "అడ్డపొగా?" అంటే కొంగు అడ్డం పెట్టుకుని లేదంటారు, నీ తెల్లకోటు చూస్తే మరీను. "నిప్పు ఎటువైపు పెట్టుకుంటావమ్మా?" అని మామూలుగా అడుగు. ఎన్నేళ్ళ నుంచి, రోజుకి ఎన్ని చుట్టలు, అదీ రాసుకో. కట్టుడు పళ్ళుంటే తీయించు, తల వెనక్కి వాల్చమని కింద నుంచి టార్చి వెయ్యి. చాలాకాలం కాల్చిన అంగిడి తెల్లబారి, మధ్యమధ్య ఎర్ర చుక్కలతో ఉంటుంది. అది చూసి బెదరకు, బెదరగొట్టకు. ఎర్రగా మఖమల్ గుడ్డలా ఉన్న మచ్చ, పుండు, చేత్తో తడిమితే గట్టిగా తగిలే చోటు, ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆలోచించకుండా బయాప్సీకి, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్షకి, పంపాలి. తెల్ల మచ్చ కన్నా ఎర్ర మచ్చకే ఎక్కువ భయపడాలి. జనం మాత్రం తెల్లదే చూసి కంగారు పడతారు, ఎర్రదాన్ని వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకుంటారు.

నాలుకని గాజుగుడ్డతో పట్టి లాగి రెండు పక్కలా, కిందా చూడు. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టకపోతే నోరు సరిగ్గా తెరుచుకోవట్లేదని రాసుకో. గరుకు పన్ను ఒరుసుకుని పుండు పడిందనుకుంటే పన్ను నున్నగా చేసి రెండు వారాలు గడువు పెట్టు. మానకపోతే పంపించు. మధ్యలో విటమిను బిళ్ళలూ, పూతమందూ మార్చి మార్చి ఇస్తూ నెలలు గడపొద్దు. ఇంకొకటి, నువ్వు పళ్ళ డాక్టరువి కనుక చేయి దురద పెడుతుంది: కారణం తెలియకుండా ఊగుతున్న పన్ను, పక్కన చిగురు పెరిగినట్టు ఉంటే శిబిరంలో పీకకు. పన్ను ఊగుతున్నది గడ్డ వల్ల అయితే ఆ గుంత మానదు. మానడం లేదని ఇంకో రెండు నెలలు నీ చుట్టూ తిరుగుతారు.

ఇక అసలు విషయం. నా ఈడువాళ్ళం ఇంకా చెప్పుకుని సిగ్గుపడే తప్పు. మీ అమ్మకి కూడా వివరంగా తెలియదు.

ఏళ్ళ క్రితం సముద్రం ఒడ్డు ఊళ్ళో ఒక శిబిరం జరిగింది, అందులో నేనూ ఉన్నాను. రోజంతా నోళ్ళు చూశారు. పదకొండు మందికి అనుమానంగా ఉందని పెద్దాసుపత్రికి చీటీలు రాశారు. సాయంత్రం అందరం వరసగా నిలబడి ఫొటో తీయించుకున్నాం. శిబిరం బాగా జరిగిందనే రాశాం. రిజిస్టరులో "పంపించాం" అనే గడి ఉంది. "చేరారా" అనే గడి లేదు. తప్పంతా ఆ ఒక్క గడిలో ఉంది బుజ్జీ, మిగతావన్నీ దాన్నుంచి వచ్చినవే.

ఆ చీటీలు ఎటు పోయాయో చెబుతాను, ఒక్కోటీ చదువు. చీటీ మీద రాసింది ఇంగ్లీషులో. ఇంట్లో చదివేవాళ్ళు లేక బియ్యం డబ్బా కింద పెట్టుకున్నారు. చిరునామా గడిలో ఊరి పేరు, ఇంటిపేరు మాత్రమే ఉన్నాయి. ఆ ఇంటిపేరు వీధిలో ఇరవై ఇళ్ళకుంది. ఫోన్ నంబరు ఇచ్చింది చెన్నపట్నంలో వేటకి పోయిన కొడుకుది. కబురు చెప్పేటప్పుడు ఎవరికి ఎవరు చెప్పాలో ముందు అనుకోలేదు. ఒక పిల్ల నర్సు "ఏమీ కాదులే, ఒకసారి చూపించుకో" అంది. ధైర్యం చెబుదామనే అంది. ఆవిడ ఆ మొదటి ముక్కనే పట్టుకుని ఇంటికెళ్ళింది. ఇంకొకామెతో వేరొకరు "రాచపుండు కావచ్చు" అన్నారు, వరండాలో, అందరూ వింటుండగా. ఆవిడ ఆ రాత్రే కూతురు ఊరికి వెళ్ళిపోయింది. ఇద్దరు నిజంగానే బస్సెక్కారు. ఓపీ వేళ దాటాక చేరారు, మళ్ళీ రమ్మన్నారు, మళ్ళీ కూలి పోగొట్టుకోలేక వెళ్ళలేదు. ఒకాయన బయాప్సీ దాకా వెళ్ళి, రిపోర్టు పది రోజులకి అంటే తిరిగొచ్చి, దాని కోసం మళ్ళీ పోలేదు. ముక్క తీశారు కదా, అయిపోయిందనుకున్నాడట. "కత్తి పడితే పాకుతుంది" అని పొరుగామె చెప్పగా మానేసినవాళ్ళూ ఉన్నారు. పసరు కట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు.

అంగిట్లో రూపాయి బిళ్ళంత ఎర్ర మచ్చతో చీటీ తీసుకున్నావిడ ఎనిమిది నెలల తర్వాత ఆసుపత్రికి వచ్చింది, మెడలో గడ్డతో. చీటీ కొంగున ముడేసుకునే ఉంది.

రాస్తుంటే నీ మీదే కోపం వస్తోంది, నువ్వేం చేశావని. ఇదిగో, దానికి మందు కూడా రాస్తున్నాను, విను. ఒక రూళ్ళ పుస్తకం పెట్టు. ఎర్ర సిరా పెన్ను కొను. అనుమానం ఉన్న ఒక్కొక్కరికీ ఒక పేజీ. పేరు, వయసు, ఇంటి గుర్తు (రామమందిరం వెనక, చింతచెట్టు పక్క, అలాంటిది), రెండు ఫోన్ నంబర్లు, అందులో ఒకటి పొరుగింటివాళ్ళది. ఆశా పేరు. నోటి బొమ్మ గీసి మచ్చ ఎక్కడుందో గుర్తు పెట్టు, ఎన్ని సెంటీమీటర్లో రాయి. ఫోన్లో ఫొటో తీస్తే వాళ్ళనడిగి తియ్యి. తర్వాత నాలుగు గడులు: ఆసుపత్రికి చేరిన తేదీ, బయాప్సీ తేదీ, రిపోర్టు చేతికొచ్చిన తేదీ, చికిత్స మొదలైన తేదీ. నాలుగో గడి నిండేదాకా ఆ పేజీ మడిచి ఉంచు. వారానికోసారి మడిచిన పేజీలకే ఫోన్ చెయ్యి. నెల లోపల చేరకపోతే నువ్వే గడప ఎక్కు.

కబురు చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి, అది నువ్వే. గది తలుపు వేసి, ఇంట్లోవాళ్ళు ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు. "ఇది కేన్సరో కాదో చూసి తెలియదు. చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. ముక్క తీస్తే పాకదు. ముందే తెలిస్తే కొంచెం కోసి తీసేస్తారు, ఆలస్యమైతే దవడ దాకా తియ్యాల్సి వస్తుంది." ఇంతే. దీన్ని తెలుగులో పెద్దక్షరాలతో చీటీ మీద కూడా రాయి. పంపే చోటు విశాఖ దాటాక అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి, టాటా మెమోరియల్ వాళ్ళది. మనవైపు నుంచి తెల్లారుజామున బయల్దేరాలి. ఆధారూ, రేషన్ కార్డూ పట్టుకెళ్ళాలి, ఎన్టీఆర్ వైద్య సేవ కింద చూపించుకోడానికి. ముగ్గురిని పంపాల్సి వస్తే ముగ్గురినీ ఒకే రోజు, ఒక ఆశాతో కలిపి పంపు. దారి ఖర్చుకి డబ్బు ముందే తీసి పెట్టుకో, భోజనాల కన్నా ముందు.

కేరళలో తిరువనంతపురం దగ్గర ఊళ్ళలో శిక్షణ ఇచ్చిన కార్యకర్తలు కంటితో నోళ్ళు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి కేన్సర్ చావులు మూడో వంతుకి పైగా తగ్గాయని 2005లో అచ్చయింది. ముంబై బస్తీల్లో పదో తరగతి చదివిన ఆడపిల్లలు ఎసిటిక్ యాసిడ్‌తో గర్భాశయ ముఖద్వారం చూసిన పనికి ఆ కేన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. నీ కన్నా గొప్ప పరికరాలేం లేవు వాళ్ళ దగ్గర. కనిపెట్టినవాళ్ళని చికిత్స దాకా తీసుకెళ్ళారు.

యాసిడ్ మాట వచ్చింది కనుక చెబుతున్నాను, ఇది నా భయం. మందుల షాపులో దొరికే గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ చర్మం కాల్చేస్తుంది. ముందు 95 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కొలిచి, అందులో 5 మిల్లీలీటర్ల యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లో నీళ్ళు కాదు. అలా కలిపింది ఐదు శాతం. ఆ రోజు కలిపింది ఆ రోజే వాడి పారబొయ్యి. కలిపాక అసలు సీసా గదిలో ఉండకూడదు, తాళం వేసిన బీరువాలో ఉండాలి. పరీక్ష చేసే బల్ల మీద ఒకే సీసా, దాని మీద పెద్దక్షరాలు. తొందరలో చేయి దేనిమీద పడుతుందో ఎవరికీ తెలియదు.

ముఖద్వారానికి ఆ పలచటి యాసిడ్ అద్దితే మార్పున్న చోటు తెల్లబడుతుంది. ఈ పరీక్ష నువ్వు చెయ్యవు, శిక్షణ ఉన్న సిస్టరే చెయ్యాలి. అయినా నువ్వు పక్కనుండి రెండు చూడు. ఒకటి దీపం: తెల్ల కాంతే కావాలి, పసుపు బల్బు కింద తెల్ల మచ్చ కనబడదు. రెండు గడియారం: దూది అద్దాక నిండుగా ఒక్క నిమిషం ఆగాలి. పది మందిని చూశాక ఆ నిమిషం ఇరవై సెకన్లవుతుంది, అందరికీ బాగానే ఉందని రాసేస్తారు. నెలసరిలో ఉన్నవాళ్ళని, గర్భిణులని ఆ రోజు చూడొద్దు. ముట్లు ఉడిగినవాళ్ళలో మార్పులు వచ్చే చోటు లోపలికి పోతుంది కాబట్టి ఇందులో బాగుందన్నా నమ్మకం తక్కువ. వాళ్ళని హెచ్‌పీవీ పరీక్ష, అంటే ఈ కేన్సర్ తెచ్చే వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష, ఉన్న చోటికి పంపు. తెల్ల మచ్చ వచ్చిందంటే కేన్సరని కాదు. ముందస్తు మార్పు కేన్సరు కావడానికి మామూలుగా పదేళ్ళు, అంతకన్నా ఎక్కువా పడుతుంది. ఆ మాట వాళ్ళకి ఇంటికెళ్ళే ముందే చెప్పించు, లేకపోతే మొగుళ్ళు అడిగే ప్రశ్నలకి వాళ్ళ దగ్గర జవాబుండదు.

స్పెక్యులంలు, అంటే ముఖద్వారం కనబడేలా లోపల తెరిచి పట్టే పనిముట్లు, మనిషికొకటి. ముప్ఫై లేకపోతే ముప్ఫై మందిని పిలవకు. లీటరు నీళ్ళకి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి పది నిమిషాలు నానబెట్టి, కడిగి, ఇరవై నిమిషాలు మరిగించాలి. గది కిటికీలకి చీరలు కాదు, దుప్పట్లు కట్టు. వీధివైపు కిటికీ దగ్గర కుర్రాళ్ళు నిలబడితే ఆ శిబిరం అక్కడితో అయిపోయినట్టే.

రొమ్ము పరీక్ష సిస్టరు చేస్తుంది. నొప్పి లేని గడ్డే ఎక్కువగా అనుమానించాల్సింది. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దని ఒక్కొక్కరికీ చెప్పు.

తల్లులు ఎలాగూ వస్తారు, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లల గురించి అడుగు. హెచ్‌పీవీ టీకా ఆ వయసులో వేస్తేనే బాగా పట్టేది. వేసినా ముప్ఫై దాటాక పరీక్ష తప్పదని కూడా చెప్పు, టీకా అన్ని రకాల వైరస్‌లనీ ఆపదు. చుట్ట మానాలనుకునేవాళ్ళకి 1800112356 నంబరు రాసివ్వు, డబ్బు పడదు. ఎవడైనా లాబ్ కుర్రాడొచ్చి రక్తంతో అన్ని కేన్సర్లూ పట్టే ప్యాకేజీ పెడతానంటే బయటికి నడిపించు. ఏ బాధా లేనివాళ్ళకి ఆ ట్యూమర్ మార్కర్లు తీసి నువ్వు చెయ్యగలిగింది వాళ్ళ నిద్ర పోగొట్టడమే.

మీ నాన్న శనివారం ఇటు వస్తానన్నాడు. అతనితో ఒక పెట్టె పంపుతున్నాను. సెకన్ల ముల్లు ఉన్న గోడ గడియారం, రెండు తెల్ల లైటు టార్చీలు, సెల్లులు విడిగా, నాలుగు పాత దుప్పట్లు, రూళ్ళ పుస్తకం. పుస్తకంలో గడులు గీసేశాను. మొదటి పేజీ వదిలెయ్, అది మా వీధి చివరింటి అప్పలమ్మది. ఆవిడ అడ్డపొగ మానలేదు. ఎవరు చెప్పినా నోరు తెరవదు, నువ్వొచ్చి చూస్తే తెరుస్తానంది.

నిద్ర మానకు. అన్నం వేళకి తిను.

మీ పెద్దమ్మ