బుజ్జికి అత్తయ్య ఉత్తరం: ఇంకెన్నాళ్లు అని లెక్కపెట్టకు

నల్లకుంట, హైదరాబాద్
2021 మే 22, శనివారం

చిరంజీవి బుజ్జికి, అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసి, "అత్తా, ఈరోజు ఏ వారమో కూడా గుర్తు రావట్లేదు" అన్నావు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏదో సర్దిచెప్పి పెట్టేశాను. పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో విన్న మాట తెల్లారేసరికి గుర్తుండదు. అందుకే కాగితం మీద రాసి, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపుతున్నాను. కావాలనుకున్నప్పుడల్లా తీసి చదువుకో.

ఈ కరోనా లాక్‌డౌన్‌లో మియాపూర్‌లో ఆ ఫ్లాట్‌లో ఒక్కదానివే ఉన్నావు. నీతో ఉండే అమ్మాయిలిద్దరూ ఏప్రిల్‌లోనే ఊళ్లకు వెళ్లిపోయారు. ఖమ్మం వచ్చెయ్యమని మీ అమ్మ అంటే, దారిలో ఏదైనా అంటించుకుని వెళ్లి వాళ్లకి పెడతానేమోనని ఆగిపోయావు. మంచి పని చేశావు. ఆ మంచి పనికి నువ్వెంత నలిగిపోతున్నావో నిన్న నీ గొంతులో తెలిసింది.

నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పని సంగతి ఒకటి చెబుతాను. 1976లో, నాకు ఇరవై రెండేళ్లప్పుడు, వెన్నెముకకి టీబీ వచ్చింది. అప్పట్లో దానికి మందులతో పాటు నెలల తరబడి కదలకుండా పడుకోబెట్టేవాళ్లు. నడుముకి ప్లాస్టర్ కట్టు, మంచం మీద చెక్క, దాని మీద నేను. రోజూ కాంపౌండర్ వచ్చి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ ఇచ్చి వెళ్లేవాడు. కిటికీలోంచి ఒక వేపకొమ్మ, దాని వెనక కాస్త ఆకాశం కనిపించేవి. అంతే.

డాక్టర్ గారు మొదట మూడు నెలలు అన్నారు. నేను క్యాలెండర్ మంచం పక్కన పెట్టించుకుని రోజుకో గీత కొట్టించేదాన్ని. తొంభై గీతలు అయ్యాయి. ఎక్స్‌రే చూసి, "ఇంకో మూడు నెలలు ఉండాలమ్మా" అన్నారు. ఆ రోజు ఏడ్చినట్టు నేను మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు. పడుకుని ఉండటం నన్ను అంత బాధ పెట్టలేదు బుజ్జీ. ఆ తొంభై రోజులూ నేను బతకలేదు, ఎదురుచూశాను. ఆ ఎదురుచూపు అంతా ఒక్క మాటతో వృథా అయిపోయింది. నన్ను విరిచేసింది అది.

ఇప్పుడు నీకు జరుగుతున్నదీ అదే. పోయినేడు మార్చి 22న లాక్‌డౌన్ మొదలుపెట్టి 31 దాకా అన్నారు. తర్వాత ఏప్రిల్ 14, తర్వాత 30, తర్వాత మే 7, ఆ తర్వాత మే 29. ప్రతి తేదీకీ నువ్వు "ఇది అయిపోతే" అని ప్లాన్లు వేసుకోవడం నాకు గుర్తుంది. ఈసారి మే 12 నుంచి పది రోజులన్నారు, అవి అవకముందే 30 దాకా పొడిగించారు. మళ్లీ పొడిగించినా పొడిగించవచ్చు. అది మన చేతుల్లో లేదు. అందుకని ముందు ఆ క్యాలెండర్ లెక్క మానెయ్యి. అది నీ మొదటి పని.

మానేసి ఏం చెయ్యాలంటావా? నాకు దారి చూపింది మా అమ్మ, అంటే మీ నాన్నమ్మ. ఎదురింటి పిల్లలు నలుగుర్ని పిలిచి, రోజూ సాయంత్రం అయిదింటికి అక్క దగ్గర ఎక్కాలు అప్పజెప్పమంది. నా జబ్బు పక్కన కూర్చుంటే అంటేది కాదని డాక్టర్ గారు చెప్పాకే రానిచ్చారులే. మొదటి రోజు నాకు కోపం వచ్చింది, ఈ స్థితిలో ఇదొకటా అని. వారం తిరిగేసరికి మూడింటి నుంచే ఆలోచన: ఇవాళ పదమూడో ఎక్కం ఎవరికి రాదు, వాడికి ఎలా చెప్పాలి అని. నాకోసం అయిదింటికి నలుగురు వస్తారన్న మాట రోజుకి ఒక గుంజ పాతినట్టయింది. మిగతా గంటలన్నీ దాని చుట్టూ సర్దుకున్నాయి. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా నేను లెక్కల టీచర్‌గా బతికానంటే, దానికి మొదలు ఆ మంచమే.

మీ నాన్న అప్పుడు స్కూల్లో ఉన్నాడు. రోజూ ఇంటికి రాగానే నా దగ్గరికి వచ్చి, దారిలో చూసింది ఏదో ఒకటి చెప్పేవాడు. నారాయణగూడలో రిక్షా చక్రం ఊడిపోయిందనో, ఎవరింట్లోనో కొత్తగా కుక్కపిల్ల వచ్చిందనో. చిన్న విషయాలే. వాటి కోసం చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని.

నీకూ అలాంటి గుంజ ఒకటి కావాలి. ఆఫీసు మీటింగులు ఆ లెక్కలోకి రావు, అవి నీనుంచి తీసుకునేవి. నువ్వు ఇస్తే ఎవరికో ఉపయోగపడేది, వాళ్లు నీకోసం కాచుకుని ఉండేది కావాలి. మీ వాచ్‌మన్ కూతురు ఏడో తరగతి అన్నావు కదా. పాపం, ఏడాదిగా ఆ పిల్లకి చదువు సరిగ్గా సాగట్లేదు. రోజూ సాయంత్రం అరగంట మెట్ల దగ్గర దూరంగా కూర్చుని, మాస్కులు పెట్టుకుని లెక్కలు చెప్పు. లేదా ఫోన్లో చెప్పు. నేను పుస్తకం పేజీలు ఫొటోలు తీసి పంపుతాను.

ఇక నిద్ర. మంచం మీదే ల్యాప్‌టాప్, మంచం మీదే అన్నం, మంచం మీదే నిద్ర అంటే పడుకున్నప్పుడు మనసుకి ఇది ఆఫీసో ఇల్లో తెలియదు. డైనింగ్ టేబుల్ మీద పని చెయ్యి. ఏడున్నరకి ల్యాప్‌టాప్ మూసి బీరువాలో పెట్టు. కళ్లెదుట ఉండకూడదు. పొద్దున రోజూ ఒకే టైంకి లేచి, టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో ఇరవై నిమిషాలు వెలుతురులో నిలబడు. పొద్దుటి వెలుగు కంటికి తగిలితేనే శరీరానికి తెల్లారిందని తెలుస్తుంది, రాత్రి వేళకి నిద్ర వస్తుంది. సెలవు రోజైనా ఆ టైం మార్చకు. ఎండ ముదరక ముందే టెర్రస్ మీద ఓ అరగంట నడువు. సాయంత్రం చల్లబడ్డాక కూడా ఒకసారి పైకి వెళ్లు. 1990 డిసెంబర్‌లో పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టినప్పుడు నాతో పనిచేసే టీచర్ శాలిబండలో ఉండేది. వీధిలోకి రావడానికి లేదు, సాయంత్రం అయ్యేసరికి అందరూ డాబాల మీదకి చేరేవాళ్లట. పక్కవాళ్ల మొహం చూసి దిగితే గానీ ముద్ద దిగేది కాదని చెప్పేది. మీ పక్క బిల్డింగ్ వాళ్లకి చెయ్యి ఊపు. పేరు తెలియకపోయినా పర్వాలేదు.

రాత్రి మూడింటికి మెలకువ వస్తోందన్నావు. అప్పుడు ఫోన్ ముట్టుకోవద్దు. ఆ టైంలో ఆక్సిజన్ బెడ్ కోసం ఎవరో పెట్టిన మెసేజ్ చదివితే నువ్వు వాళ్లకి చెయ్యగలిగింది ఏమీ ఉండదు, నీ గుండె మాత్రం దడదడలాడుతుంది. లేచి కుర్చీలో కూర్చో. ఊపిరి నాలుగు లెక్కపెడుతూ తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదులు. వదలడం ఎక్కువసేపు ఉండాలి, దానికే గుండె వేగం తగ్గుతుంది. కళ్లు బరువెక్కాకే మళ్లీ పడుకో. వార్తలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే చాలు. నేను మంచం మీద ఉన్నప్పుడు రేడియోలో వార్తలు వాటి టైంకే వచ్చేవి. మధ్యలో ప్రపంచం ఏమైపోయినా నాకు తెలిసేది కాదు, దానివల్ల నాకు మేలే జరిగింది.

మీ ఆఫీసులో పోయిన ఆ అబ్బాయి గురించి నిన్న ఒక్క ముక్కే అన్నావు. నేను దాన్ని దాటేసి పోయాను, నా తప్పు. రెండు వారాల కిందటి దాకా నీతో కాల్‌లో మాట్లాడిన మనిషి లేడు. పలకరించడానికి వెళ్లలేకపోయావు. మనలో ఎవరైనా పోతే వెళ్లి వాళ్ల గుమ్మంలో కూర్చుంటాం, పదకొండో రోజుకి వెళ్లి భోజనం చేసి వస్తాం. ఏమీ మాట్లాడకపోయినా ఆ వెళ్లి రావడంలోనే దుఃఖం కాస్త కరుగుతుంది. ఈసారి ఎవరికీ అది దొరకలేదు. అది నీ లోపల అలాగే ఉండిపోయింది. వాళ్లమ్మగారికి ఒక ఉత్తరం రాయి. ఓదార్పు మాటలు వద్దు. ఆ అబ్బాయి నీకు చేసిన సాయం, నవ్వించిన సంగతి, నీకు గుర్తున్నవి రాయి. ఆ తల్లికి తెలియని కొడుకు కొంత నీ దగ్గర ఉన్నాడు, అది ఆమెకి ఇవ్వు. నెల తర్వాత మళ్లీ ఫోన్ చెయ్యి. అప్పటికి పలకరించే వాళ్లు తగ్గిపోతారు. రాస్తూ ఏడుపు వస్తే ఏడువు. నేను క్షేమంగా ఉన్నానే అని సిగ్గుపడకు.

ఇంకో మాట. ఇవన్నీ చేసినా రెండు వారాల పాటు నిద్ర, ఆకలి లేకుండా పోతే, దేని మీదా ఇష్టం పుట్టకపోతే, బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, నాకు చెప్పు. అర్ధరాత్రైనా చెప్పు. అప్పుడు డాక్టర్ దగ్గరికే వెళ్లాలి, అత్త ఉత్తరాలు చాలవు. మన ఊళ్లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు తిట్టుకి వాడతారు. 1998లో మా అమ్మ పోయాక నేను నెల రోజులు నిద్రపోలేదు, క్లాసులో నిలబడలేకపోయాను. మీ మామయ్య నన్ను ఆ ఎర్రగడ్డ ఆసుపత్రికే తీసుకెళ్లారు. ఎనిమిది నెలలు మందులు వాడాను, మళ్లీ బడికి వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ చెప్పిన ఒక పద్ధతి ఇప్పటికీ పాటిస్తాను: రోజూ సాయంత్రం ఆరింటికి పావుగంట కూర్చుని, బెంగలన్నీ నోట్‌బుక్‌లో రాసి మూసెయ్యడం. రాత్రి మళ్లీ తలెత్తితే, రేపు ఆరింటికి చూస్తానని దానికే చెప్పడం. పోయినేడు సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం 'కిరణ్' అని ఒక హెల్ప్‌లైన్ కూడా పెట్టింది, తెలుగులోనూ మాట్లాడతారు. నంబరు విడిగా పంపుతాను, ఫోన్లో సేవ్ చేసుకో.

మీ అమ్మతో మాట్లాడేటప్పుడు కేసుల సంఖ్య తియ్యకు. ఇద్దరూ పొద్దున ఒకే కూర అనుకుని, అక్కడ తనూ ఇక్కడ నువ్వూ వండి, మధ్యాహ్నం వీడియోలో పెట్టుకుని తినండి. ఆమెకీ నీ బెంగ తగ్గుతుంది.

రేపు మాత్రం ఇంకో పని ఉంది. నీకు ఆవకాయ పెట్టడం నేర్పిస్తాను. ఎప్పుడూ జాడీ నిండా నేనే పంపేదాన్ని, ఈ ఏడు పంపే దారి లేదు. ఎదురుచూపు మానెయ్యమన్నాను కదా, ఆవకాయ ఎదురుచూపు వేరు. పెట్టిన మూడో రోజు మూత తీసి తిరగకలపాలి. అప్పటికి నూనె పైకి తేలి ఉంటుంది, ముక్క ఇంకా గట్టిగానే ఉంటుంది. నాలుక మీద వేసుకుంటే ఉప్పు సరిపోయిందో లేదో తెలుస్తుంది. ఆ మూడో రోజు ఖచ్చితంగా వస్తుంది, ఎవరూ పొడిగించరు. ఆ తర్వాత ముక్క ఊరడం చూస్తూ ఉండొచ్చు.

పొద్దున ఆరున్నరకల్లా రెండు మాస్కులు పెట్టుకుని కూకట్‌పల్లి రైతుబజార్‌కి వెళ్లు. సడలింపు పదింటి దాకానే, కానీ ఎనిమిది దాటితే జనం ఎక్కువవుతారు. బాగా పుల్లగా, గట్టిగా, పీచుగా ఉన్న కాయలు నాలుగు తీసుకో. టెంకతో సహా అక్కడే కొట్టించు. ఇంటికి వచ్చి జీడి తీసేసి, ముక్కల్ని పొడిగుడ్డతో ఒక్కొక్కటే తుడువు. తడి తగిలితే బూజు పడుతుంది. ముక్కలు నాలుగు గిన్నెలైతే ఆవపిండి ఒక గిన్నె, కారం ఒక గిన్నె, ఉప్పు ముప్పావు గిన్నె. మెంతులు ఒక చెంచా. నువ్వుల నూనె ముక్క మునిగేంత. కలపొద్దు, నేను ఫోన్ చేసేదాకా ఆగు. నాలుగింటికి వీడియో కాల్ చేస్తాను. జాడీ లేకపోతే గాజు సీసా చాలు, కడిగి పొద్దుటి నుంచే ఎండలో పెట్టు.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య