డీజిల్ పంపు గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. రుడాల్ఫ్ డీజిల్ పుట్టుకతో మొదలుపెట్టి రెండు పేజీలు నడిపావు గానీ, 1897 నాటి ఆయన ఇంజన్‌లోకి ఇంధనాన్ని కంప్రెసర్ గాలితో ఊదేవాళ్ళనీ, 1927లో బాష్ కంపెనీ డీజిల్‌ను ఒత్తిడితో ఇంజన్‌లోకి నెట్టే పంపుల తయారీ మొదలుపెట్టాక లారీలకు ఆ ఇంజన్ పెట్టడం తేలికైందనీ రాయలేదు. ఆ చరిత్రలో నీకు కావలసింది ఈ ముక్కే, మిగతాది తీసెయ్.

మొదలు ఎక్కడ పెట్టాలో చెప్తాను. ట్యాంకులో డీజిల్ అయిపోయి ట్రాక్టర్ పొలం మధ్యలో ఆగుతుంది, క్యానుతో తెచ్చి పోస్తారు, అయినా స్టార్ట్ కాదు. "ఎయిర్ పట్టింది" అంటాడు డ్రైవర్. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాకా చేతి పంపు కొడుతూనే ఉంటాడు. పల్లెల్లో చాలామంది చూసిందే ఇది, ఎందుకలా అన్నది మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. నువ్వు చెప్పు. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, డీజిల్ దాదాపు కుదించుకోదు. పంపులో డీజిల్‌ను నెట్టే కడ్డీ, అంటే ప్లంజర్, దాని బలమంతా బుడగను నలపడానికే సరిపోతే, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్‌ను మూసి ఉంచే సూదిని పైకి లేపే ఒత్తిడి, పాత ఇంజన్లలో సుమారు 200 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు), రానే రాదు.

అంత ఒత్తిడి ఎందుకు? ఆ ప్రశ్నే నీ వ్యాసంలో లేదు, నాకు బాధేసింది అక్కడే. స్పార్క్ ప్లగ్ లేదు కదా, పిస్టన్ గాలిని నొక్కి 500 డిగ్రీలు దాటించాక ఆ వేడికే డీజిల్ అంటుకోవాలి. ధారగా పడితే సరిగా మండదు, నల్లపొగ వస్తుంది. సన్నని తుంపరగా పడాలి. దానికి దొరికే టైమ్ లెక్క వేసి చూపించు: నిమిషానికి 2000 చుట్లు తిరిగే ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) 20 డిగ్రీలు తిరిగేంతసేపు చిమ్ముతుందనుకుంటే, అది సెకనులో 600వ వంతు. పంపును గుండెతో పోల్చిన పేరా తీసేసి ఇది పెట్టు.

కామన్ రైల్, అంటే అన్ని సిలిండర్లకూ ఒకే ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ అందే పద్ధతి, దాని గురించి ఎక్కువ రాయకు. పాత లైన్ పంపులో సిలిండర్‌కో ప్లంజర్, ఇంజన్ నెమ్మదిస్తే ఒత్తిడీ తగ్గుతుంది. కామన్ రైల్‌లో పంపు పని రైల్‌లో ఒత్తిడి నిలపడమే, ఎప్పుడు ఎంత చిమ్మాలో కంప్యూటర్ చూసుకుంటుంది. కార్లలో అది 1997లో అల్ఫా రోమియో 156తో వచ్చింది, ఇప్పుడు 2000 బార్ దాటింది. ఇంత చాలు.

తిరగరాసే ముందు పంపులు, నాజిళ్ళు బాగుచేసే షాపుకు ఒకసారి వెళ్ళు. టెస్టర్‌కు నాజిల్ బిగించి హ్యాండిల్ కొట్టమని మెకానిక్‌ని అడుగు. మంచిదైతే కిర్రుమంటూ పొగలాగా చిమ్ముతుంది, పాడైందైతే మొన దగ్గర చుక్కలు కారుతుంది. దూరంగా నిలబడు, చెయ్యి మాత్రం అడ్డం పెట్టకు, ఆ తుంపర చర్మంలోకి దూసుకుపోతుంది. రెండూ చూశాక ఆ పేరా రాసి ముందు నాకు పంపు.