తెలుగులో టెక్స్ట్ గేమ్: కమాండ్ టైప్ చేయించాలా, బటన్లు ఇవ్వాలా?

జావాస్క్రిప్ట్ బేసిక్స్ వచ్చు, తెలుగులో టెక్స్ట్ అడ్వెంచర్ (చదువుతూ, ఏం చేయాలో చెబుతూ ఆడే కథ గేమ్) చేయాలి, ఆడేవాళ్లతో కమాండ్లు టైప్ చేయించాలా, బటన్లు ఇవ్వాలా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. గోదావరి వరద రాత్రి ఒక లంక ఊరి నుంచి బయటపడే చిన్న గేమ్ చేశాను నేను. మొదటి గేమ్‌కి బటన్లే పెట్టండి.

టైపింగ్ పద్ధతి 1970ల్లో విల్ క్రౌథర్ రాసిన కొలాసల్ కేవ్ అడ్వెంచర్ అనే గేమ్ నాటిది. అందులో కమాండంటే ఒకటి రెండు ఇంగ్లిష్ మాటలు, ఒక్కో మాటలో మొదటి ఐదు అక్షరాలు చూస్తే చాలు. మనకి విభక్తులున్నాయి. తాడుతో, తాడుని లాంటివి పదం మొదలు పోల్చి పట్టేయొచ్చు. కానీ దీపం ‘దీపాన్ని’ అవుతుంది, ఇల్లు ‘ఇంట్లోకి’ అవుతుంది. పైగా చాలామంది తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు. వీటన్నిటికీ కోడ్ రాస్తూ పోతే కథకి ఓపిక మిగలదు.

అసలు విషయం ఇది: కథని కోడ్‌లో కలపకండి. ప్రతి సీనూ ఒక ఆబ్జెక్ట్. అందులో చూపించాల్సిన వచనం, కింద ఎంపికల అర్రే. ఒక్కో ఎంపికకి బటన్ మీది మాట, తర్వాతి సీన్ పేరు, అది ఎప్పుడు కనిపించాలో చెప్పే చిన్న ఫంక్షన్. నా గేమ్‌లో ‘రేవు’ సీన్ తీసుకోండి. పడవ ముడి నీటిలో నాని బిగుసుకుపోయి ఉంటుంది. సంచిలో కొడవలి ఉంటేనే ‘తాడు కొయ్యి’ వస్తుంది, లేకపోతే ‘ముడి విప్పు’ ఒక్కటే. ముడి విప్పే ఆలస్యానికి నీటిమట్టం రెండు పెరుగుతుంది. వచనాన్ని కూడా ఫంక్షన్‌గా రాస్తే అదే రేవు మోకాలి లోతులో ఒకలా, నడుం లోతులో ఇంకోలా చదివించవచ్చు. ఆ చిన్న తేడాతోనే గేమ్‌కి ప్రాణం వస్తుంది. సీన్‌ని తెరమీదికి తెచ్చే ఫంక్షన్ మాత్రం గేమ్ మొత్తానికీ ఒక్కటే.

ఉన్న చోటు, సంచి, నీటిమట్టం అన్నీ ఒకే స్టేట్ ఆబ్జెక్ట్‌లో ఉంచండి. దాన్ని జేసన్ (JSON) అనే వచన రూపంలోకి మార్చి బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లో పెడితే సేవ్ అయిపోయినట్టే. సంచికి సెట్ (Set) వాడకండి, మామూలు అర్రే వాడండి; సెట్‌ని అలాగే జేసన్ చేస్తే ఖాళీ బ్రాకెట్లు వస్తాయి.

అక్షరం అక్షరంగా వచనం వచ్చే టైప్‌రైటర్ ఎఫెక్ట్ పెట్టాలనిపిస్తుంది. జావాస్క్రిప్ట్ లెక్కలో ‘లక్ష్మి’ పొడవు 7. ఆ ఏడు ముక్కల్నీ ఒక్కొక్కటే చూపిస్తే ఒత్తులు కళ్లముందే రూపం మార్చుకుంటాయి. అక్షరాల్ని సరిగ్గా విడగొట్టడానికి Intl.Segmenter ఉంది గానీ, పాత బ్రౌజర్లలో అది కూడా ఒత్తుల దగ్గర విరగ్గొడుతుంది. పదం పదంగానో పేరా పేరాగానో చూపించండి, చదవడానికీ అదే హాయి. చూపు లేనివాళ్లు టెక్స్ట్ గేమ్స్ ఇష్టంగా ఆడతారు. వచనం వచ్చే డివ్‌కి aria-live="polite" పెట్టి, పేరా మొత్తం ఒకేసారి వేస్తే వాళ్ల స్క్రీన్ రీడర్ సాఫీగా చదువుతుంది.

కోడ్ కంటే కథ మీదే మక్కువైతే ఇలాంటి గేమ్‌లు చేసే ట్వైన్ (Twine) అనే టూల్ చూడండి, ఉచితం. ఇంకిల్ (inkle) అనే గేమ్ స్టూడియో వాళ్ల ఇంక్ (ink) భాషలో కథ రాసి ఇంక్‌జేఎస్ (inkjs) లైబ్రరీతో మీ పేజీలోనే నడపొచ్చు. నేర్చుకోవడానికే అయితే లైబ్రరీ లేకుండా మూడు సీన్లు రాసి, వాటిని మొబైల్‌లో ఆడి చూశాకే నాలుగోది మొదలుపెట్టండి.