నోరు తిరగని సైన్సు పదాల కోసం గ్రూపు మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇప్పుడు ఇంటర్ బైపీసీ, ఇంగ్లిష్ మీడియం. జువాలజీ పదాలకు నోరు తిరగడం లేదని, పైకి చదివితే క్లాసులో నవ్వుతున్నారని ఏడుస్తోంది. సీఈసీకి మార్చమంటారా?
– ఒక తండ్రి, సిద్దిపేట

జవాబు: ఈ ఒక్క కారణానికైతే మార్చకండి. తెలుగులో ఎలా రాస్తే అలాగే చదువుతాం. ఆ అలవాటుతోనే మీ అమ్మాయి ‘ప్న్యుమోనియా’ అని ఉంటుంది. నేనూ ఇంటర్‌లో ‘గ్నీటమ్’ అని గట్టిగా చదివి నవ్వులపాలైనవాణ్నే. అది నీటమ్ అట!

ఇవి చాలావరకు గ్రీకు మాటలు. మొదట్లో పి పక్కనే ఎన్, ఎస్, టి వస్తే పి పలకదు: న్యుమోనియా, సొరియాసిస్, టెరిడోఫైటా. సి పక్కన ఎన్, టి వచ్చినా అంతే: నైడేరియా, టీనోఫోరా. సీహెచ్ కనబడగానే ‘చ’ అనేస్తాం, ఈ పదాల్లో అది ఎక్కువగా ‘క’. బొద్దింక పైపెంకులో ఉండేది చిటిన్ కాదు, కైటిన్.

అర్థాలకైతే సంధి విడదీసినట్టు విడదీయమనండి. సైట్ అంటే కణం. ముందు ఎరిత్రో వస్తే ఎర్ర రక్తకణం, ల్యూకో వస్తే తెల్ల రక్తకణం, ఆస్టియో వస్తే ఎముక కణం. ఇంట్లో పెద్దవాళ్ల కీళ్లవాపును ఆర్థరైటిస్ అంటారు కదా, ఆ ‘ఆర్థ్ర్’ కీలే. పోడ్ అంటే పాదం. రొయ్య, బొద్దింక ఆర్థ్రోపొడాలో ఎందుకున్నాయో వాటి కాళ్లు చూస్తే తెలుస్తుంది. గ్యాస్ట్రో అంటే పొట్ట. పొట్టే పాదంగా పాకే నత్త గ్యాస్ట్రోపొడా.

రోజుకు ఐదు పదాలు చాలు. నోటుబుక్కులో స్పెల్లింగు, పక్కన తెలుగు లిపిలో ఉచ్చారణ, దాని కింద ముక్కల అర్థం. సందేహం వస్తే ఫోన్‌లో డిక్షనరీ తెరిచి స్పీకర్ గుర్తు నొక్కి వినమనండి. రాత్రి మీకు చదివి వినిపించమనండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు, వినండి చాలు.

నీట్‌లో ఎవరూ పైకి చదవమనరు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఎంచుకోవచ్చు, కానీ అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ప్రామాణికం. పైగా మన దగ్గర ఎంబీబీఎస్ ఇంగ్లిష్‌లోనే. కాబట్టి ఈ పదాలను ఇప్పుడు తప్పించుకున్నా, తర్వాత ఎదురవుతాయి.

హాఫ్‌ఇయర్లీ మార్కులు వచ్చాక ఒకసారి చూడండి. పదాలు పలుకుతున్నా పాఠమే ఎక్కడం లేదంటే అప్పుడు సీఈసీ గురించి మాట్లాడదాం, అమ్మాయినీ తీసుకురండి.