లేజర్ ఎక్కడ తగిలిందో డబ్బాకి ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. దాళ్వా కోతలయ్యాక మా చేలో లేజర్ లెవెలర్ తోలించాం. గట్టు మీద స్టాండులో లేజర్ గిరగిరా తిరుగుతుంటే, ట్రాక్టర్ వెనక బ్లేడు దానంతటదే లేస్తూ దిగుతూ మెరకా పల్లం సరిచేసింది. ఆ కిరణం ఎంత ఎత్తులో తగిలిందో బ్లేడు మీది డబ్బాకి ఎలా తెలుస్తుందండి? పెరోవ్‌స్కైట్ అనే కొత్తరకం పదార్థంతో చేసిన సెన్సార్లు వస్తున్నాయి, చవగ్గా దొరుకుతాయంటున్నాడు ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి. నలుగురం కలిసి మెషీన్ కొందామనుకుంటున్నాం. ఆగమంటారా?
– ఒక రైతు, మండపేట

జవాబు: ఆగొద్దండి. ఎందుకో చెబుతాను.

మీరు చూసిన డబ్బాల్లో సాధారణంగా చిన్న చిన్న సిలికాన్ ఫొటోడయోడ్లు, అంటే వెలుతురు పడితే కరెంటు పుట్టించే బిళ్లలు, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. కిరణం పైవాటికి తగిలిందంటే బ్లేడు కిందికి దిగిపోయిందన్నమాట. హైడ్రాలిక్స్ పైకి లేపుతాయి. ఎండతో తికమక పడవా అంటే, ఎండ నిలకడగా పడుతుంది, తిరిగే లేజర్ చుట్టుకొక్కసారి తళుక్కుమంటుంది. సర్క్యూట్ ఆ తళుకునే పట్టుకుంటుంది.

మీవాడు చెప్పేది బహుశా ఇంకో రకం. అందులో వరసలుండవు, ఒకటే పలక, రెండు చివర్లా రెండు తీగలు. కాంతి పడ్డ చోటును బట్టి చివర్లలో కరెంటు మారే ఈ ప్రభావాన్ని షాట్కీ అనే శాస్త్రవేత్త 1930లోనే గమనించాడు, 1957లో వాల్‌మార్క్ అనే మరో శాస్త్రవేత్త దాన్ని సెన్సార్‌గా మలిచాడు. కాంతి పడ్డచోట పుట్టిన కరెంటు రెండు చివరలకూ పారుతుంది. పొడవాటి చేనుకు రెండు కొసలా గండి కొట్టి మధ్యలో ఎక్కడో నీళ్లు వదిలితే దగ్గరి గండిలోంచే ఎక్కువ పోవూ, అలాగ. 10 మిల్లీమీటర్ల పలకలో ఒక చివర 7 వంతులు, రెండో చివర 3 వంతులు వచ్చాయనుకోండి. తేడా 4, మొత్తం 10, భాగిస్తే 0.4. దాన్ని సగం పొడవు 5తో గుణిస్తే 2. అంటే కాంతి పడింది నడిమికి 2 మిల్లీమీటర్లు అవతల, 7 వచ్చిన వైపున. మొత్తంతో ఎందుకు భాగించాలంటారా? కిరణం మసకేస్తే రెండు కరెంట్లూ ఒకే పాళ్లలో తగ్గుతాయి, లెక్క చెడదు. నాకు భలే ఇష్టమైన కిటుకు ఇది.

ఈ పలకను సిలికాన్‌తో చేయాలంటే దాన్ని 1,400 డిగ్రీలు దాటించి కరిగించి స్ఫటికం పెంచాలి. పెరోవ్‌స్కైట్ అయితే ద్రావణాన్ని గాజు మీద పలచగా పూసి, 100 డిగ్రీల దగ్గర వేడిచేస్తే చాలు. అర మైక్రాను, అంటే మిల్లీమీటరులో రెండువేలో వంతు మందమున్న పొర కూడా కంటికి కనిపించే కాంతిని చాలావరకు పీల్చేస్తుంది. ఎర్ర లేజర్ కూడా అందులోనిదే. మీవాడి ఉత్సాహంలో తప్పేం లేదు.

చిక్కల్లా తేమతో. బాగా వాడుకలో ఉన్న రకం మిథైల్ అమోనియం లెడ్ అయొడైడ్. తేమ తగిలితే ఆ నల్లటి పొర విడిపోయి పసుపు రంగు లెడ్ అయొడైడ్ మిగులుతుంది. శ్రావణంలో మన గాలి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా! గట్టిగా సీలు వేస్తే ఆగుతుంది గానీ, దుమ్ములో అదురుతూ తిరిగే బ్లేడు మీద ఆ సీలు ఎన్నాళ్లుంటుంది? పైగా అందులో ఉన్నది సీసం. పగిలి చేలో పడితే బోదెలోకి, అక్కడి నుంచి పక్కవాళ్ల రొయ్యల చెరువులోకి చేరదని నేనైతే హామీ ఇవ్వలేను.

సిలికాన్ డబ్బా ఉన్న మెషీనే కొనండి. డబ్బాను ట్రాక్టర్ టాపు కన్నా ఎత్తులో బిగించమనండి, లేకపోతే మలుపులో కిరణానికి ట్రాక్టరే అడ్డొస్తుంది. అబ్బాయి ఈసారి కొత్త సెన్సార్ వార్త చూపిస్తే, ఎంత తేమలో ఎన్ని గంటలు పనిచేసిందో అడగండి.