ఇన్ని వందల ఏళ్లు చేత్తో రాస్తూ వచ్చిన బైబిల్ మారిపోలేదా?

ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ వచ్చారు కదా, అసలు మాటలు ఇంకా మిగిలాయా అని చాలామంది అడుగుతారు. న్యాయమైన అనుమానమే.

దీన్ని పరీక్షించే అవకాశం 1947లో దొరికింది. మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో పాత తోలు చుట్టలు బయటపడ్డాయి. వాటిలో బైబిల్ పాత నిబంధనలోని యెషయా గ్రంథం దాదాపు పూర్తిగా ఉంది, పొడవు 7 మీటర్ల పైనే. అది క్రీస్తుకు సుమారు 100 ఏళ్ల ముందుది. అప్పటిదాకా తెలిసిన పూర్తి హీబ్రూ ప్రతులు 10వ శతాబ్దం ప్రాంతానివి. అంటే మధ్యలో వెయ్యేళ్లు! పోల్చి చూస్తే స్పెల్లింగులు చాలాచోట్ల వేరు, కొన్ని పదాలు, అక్కడక్కడ వాక్యాలు కూడా వేరు. కానీ చదువుతుంటే అదే యెషయా.

అసలు మార్పులే లేవని మాత్రం నేను చెప్పను, అలా చెప్పేవాళ్లను నమ్మొద్దు కూడా. మార్కు సువార్త చివరి 12 వచనాలు 4వ శతాబ్దపు రెండు ముఖ్యమైన గ్రీకు ప్రతుల్లో లేవు. యోహాను సువార్త 8వ అధ్యాయంలో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథా అంతే. చాలా కొత్త అనువాదాల్లో ఆ సంగతి పేజీ అడుగున రాసే ఉంటుంది. ఎవరూ దాచలేదు. విశ్వాసిగా నాకు ధైర్యమిచ్చేది అదే.

నకలు బాగా చేశారంటే అందులో రాసిందంతా నిజమని రుజువైనట్టు కాదు. అది వేరే ప్రశ్న.