సాల్ట్ పరిమితి పెంచారు, లాభం ధనికులకేనా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇద్దరి జీతాలు కలిపి ఏడాదికి 2,80,000 డాలర్లు. రాష్ట్ర ఆదాయపు పన్ను 13,000, ఇంటి పన్ను 12,000, హోమ్‌లోన్ వడ్డీ 16,000 అవుతోంది. సాల్ట్ (రాష్ట్ర, స్థానిక పన్నుల) మినహాయింపు పెంచడం డబ్బున్నవాళ్లకు దోచిపెట్టడమే అంటున్నారు. మాకేమైనా మిగులుతుందా?

జవాబు: మిగులుతుంది, కాకపోతే కొద్దిగానే. ఫెడరల్ ఆదాయపు పన్ను లెక్కలో ఇచ్చే ఈ రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపును 2017 చట్టం 10,000 డాలర్లకు కుదించింది. 2025 జులై చట్టం దాన్ని 40,000 చేసింది. 2026కి అది 40,400. 2030లో మళ్లీ 10,000కు దిగుతుంది.

2026 లెక్క చూడండి. పాత పరిమితే ఉంటే మీ మినహాయింపులు 26,000. భార్యాభర్తలు కలిసి రిటర్న్ వేస్తే ఏ లెక్కా చూపకుండా దొరికే మినహాయింపు (జాయింట్ స్టాండర్డ్ డిడక్షన్) 32,200 కాబట్టి, ఖర్చులు విడివిడిగా చూపడం (ఐటమైజ్ చేయడం) దండగ. ఇప్పుడు 25,000 పన్నులూ పూర్తిగా లెక్కలోకొస్తాయి, వడ్డీతో కలిపి 41,000. అదనం 8,800 మాత్రమే. 24 శాతం శ్లాబులో దాని విలువ 2,112 డాలర్లు.

విమర్శలో నిజం ఉంది. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునే చిన్న జీతగాళ్లకు దీనివల్ల పైసా రాదు. పైగా ఒక డాలరు మినహాయింపు 12 శాతం శ్లాబులో 12 సెంట్లు, 35 శాతం శ్లాబులో 35 సెంట్లు. అయితే 2026లో ఆదాయం 5,05,000 దాటితే, దాటిన ప్రతి డాలరుకూ పరిమితి 30 సెంట్లు తగ్గుతూ 10,000 దగ్గర ఆగుతుంది. అంటే మరీ పెద్ద జీతగాళ్లకు ఈ పెంపు దక్కదు. దొడ్డిదారి వేరే ఉంది. పార్ట్‌నర్‌షిప్, ఎస్ కార్పొరేషన్‌లలో (లాభం మీద పన్ను మామూలుగా యజమానులే కట్టే కంపెనీలు) యజమానులు రాష్ట్ర పన్నును కంపెనీ చేతే కట్టిస్తే (దీన్నే పీటీఈటీ అంటారు) ఈ పరిమితే వర్తించదు. 2020లో ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ దానికి సరేనంది, 2025 చట్టమూ దాని జోలికి పోలేదు. ధనికుల మినహాయింపు అని వేలు చూపాల్సింది అక్కడ! జీతం మీద బతికేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

రిటర్న్‌లో ఎక్కువగా తప్పు పోయేది ఎస్క్రో (ఇంటి పన్ను కోసం లెండర్ దగ్గర నెలనెలా డబ్బు జమచేసే ఖాతా) దగ్గర. మీరు ఎస్క్రోలో వేసింది కాదు, అందులోంచి లెండర్ ఆ ఏడాది మున్సిపాలిటీకి కట్టిన ఇంటి పన్నే చెల్లుతుంది. ఆ అంకె ఏడాది చివరి ఎస్క్రో స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. వచ్చే ఏడాది ఇంటి పన్నును డిసెంబరులోనే కట్టేద్దామనుకుంటే, ఆ పన్ను అప్పటికే అధికారికంగా విధించి ఉండాలి. మీ అంచనాతో ముందే కట్టింది చెల్లదు. ఐటమైజ్ చేసిన ఏడాదికి రాష్ట్రం నుంచి రీఫండ్ వస్తే, అందులో మీకు లాభం ఇచ్చిన మేర మరుసటి ఏడాది ఆదాయంగా చూపాలి.